కొత్తంటే గిట్టని వదిన

మా వదినకు కొత్త వస్తువు కనపడితే ఒళ్ళు మండిపోతుంది. ఉతికి ఆరేసిన బట్టల మీద కాకి రెట్ట వేస్తే మనకు ఎంత మంట పుడుతుందో, తళతళలాడే వస్తువు ఇంట్లోకి వస్తే ఆవిడకు అంత మంట. అది పాతబడేదాకా మనశ్శాంతి ఉండదు. పోనీ దానంతట అది పాతబడేదాకా ఆగుతుందా అంటే, అంత ఓపికా లేదు. తనే దగ్గరుండి పాత చేస్తుంది.

ఇదేదో ముచ్చటపడి చెబుతున్నాననుకునేరు. కడుపు మండి చెబుతున్నాను. ఆవిడ చేతుల్లో నేను పోగొట్టుకున్న మెరుపుల లెక్క రాస్తే ఈ కాగితాలు చాలవు.

నేను కళ్ళజోళ్ళ దుకాణం తెరిచిన రోజు సంగతే తీసుకోండి. అద్దాల తలుపు స్వయంగా తుడిచాను. ఊది ఊది, రుద్ది రుద్ది, అక్కడ అద్దం ఉందని తెలియక మా మామగారు నుదురు కొట్టుకునేంత శుభ్రంగా తుడిచాను. వచ్చినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. చివర్న వదిన వచ్చింది. వెన్న రాసిన రొట్టె తింటూ వచ్చింది. తినడం ముగించి, అయిదు వేళ్ళూ విప్పి, అరచెయ్యి మొత్తం ఆ తలుపు మీద అద్దింది.

"వదినా! ఏం పని ఇది!"

"అమ్మయ్య. ఇప్పుడు దుకాణంలా ఉంది," అంది. "ఇందాకటి దాకా ఆస్పత్రిలో ఆపరేషన్ గదిలా ఉంది. ఎవడొస్తాడు లోపలికి?"

ఎముకల ఆస్పత్రిలో నర్సు కాబట్టి ఆవిడకు ఆపరేషన్ గదులు బాగా తెలుసు. నాకు దుకాణాలు తెలుసు. కానీ నా మాట ఎవరు విన్నారు? ఆ వెన్న మరక వదిలించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

మా అన్నయ్య పరిస్థితి ఇంకా అన్యాయం. నేను అప్పుడప్పుడూ బాధితుణ్ణి, ఆయన నిత్యబాధితుడు. కొత్త స్కూటరు కొనుక్కుని ఇంటి ముందు ఆపాడో లేదో, వదిన తాళంచెవి తీసుకుని దాని పక్కన జానెడు గీత గీసింది. "మొదటి గీత పడేదాకా మనిషికి బెంగ. అది నేను తీర్చేశాను. ఇంక హాయిగా నడుపుకో," అంది. అన్నయ్య హాయిగా నడపలేదు. ఆ రోజు స్కూటరును తోసుకుంటూనే వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ కాసేపు దానితో మాట్లాడి వచ్చాడు.

అప్పటి నుంచీ ఆయన కొత్త చొక్కా కొంటే ఇంటికి తేవడం మానేశాడు. తను పనిచేసే బ్యాంకులో బీరువాలో దాచి, అక్కడే వేసుకుని, అక్కడే మార్చుకుని, మెడ పట్టీ అరిగాక ఇంటికి తెచ్చేవాడు.

"ఈ చొక్కా నేనెప్పుడూ చూళ్ళేదే?" అని వదిన నిలదీసేది.

"పాతదే."

"పాతదైతే నేను చూసి ఉండాలిగా?"

"నువ్వు చూసేసరికి పాతదైపోయింది," అనేవాడు అన్నయ్య, అబద్ధం చెప్పకుండా.

ఇదంతా ఇంటి గొడవ, నలుగురికీ తెలియకుండా సర్దుకుపోదాం అనుకునే వాళ్ళం. కానీ వదిన పిచ్చి ఇల్లు దాటింది. మా ఊరి వెనక మంచుకొండ ఉంది. ఆవిడ ఆస్పత్రి డ్యూటీ లేనప్పుడు కొండలెక్కే క్లబ్బులో కొత్తవాళ్ళకు పాఠాలు చెబుతుంది. చలి తగ్గి దారి తెరుచుకోగానే, జన్మలో గుట్ట కూడా ఎక్కనివాళ్ళను పోగేసి ఆ కొండ మీదికి తీసుకుపోతుంది. కాళ్ళు విరిగితే కట్టు కట్టేదీ ఆవిడే కాబట్టి జనానికి ధైర్యం.

ఆ ఏడు ఆ జనంలో నేనూ ఉన్నాను. నాకు కొండలంటే ప్రేమ లేదు. మా ఆవిడకు నా పొట్టంటే ప్రేమ లేదు. అదీ కారణం.

మొదటి పాఠం క్లబ్బు గదిలో జరిగింది. ముందు వరసలో నగల షాపాయన కూర్చున్నాడు. మనిషి మంచివాడే గానీ, కుర్చీలో కూర్చోవడం కూడా కుర్చీకి మర్యాద చేస్తున్నట్టు కూర్చుంటాడు. ఆయన వెనక కొత్తగా పెళ్ళయిన జంట, ఒకే పుస్తకంలో ఇద్దరూ రాసుకుంటూ. గోడ పక్కన రొట్టెల బట్టీలో పనిచేసే ఒకావిడ. నడివయసు మనిషి, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. తెల్లవారకముందే రొట్టెలు కాలుస్తూ, బట్టీ వెనక తలుపులోంచి రోజూ ఆ కొండనే చూస్తుందట. ఒక్కసారి అక్కడి నుంచి ఇటు చూడాలని కోరికట. అందరం ఆవిడను రొట్టెలక్క అనేవాళ్ళం.

"కొండెక్కాలంటే ఏం కావాలి?" అని మొదలుపెట్టింది వదిన.

"ధైర్యం!" అన్నాడు పెళ్ళికొడుకు.

"బూట్లు," అంది వదిన. "ధైర్యం నీ దగ్గర ఎంతున్నా కాళ్ళకు తొడుక్కోలేవు. బూట్లు చీలమండ దాటి పైదాకా రావాలి, లేకపోతే అది మెలిపడి నా వార్డుకే వస్తావు. లోపల ఉన్ని మేజోళ్ళు. ఒంటికి పొరలుపొరలుగా బట్టలు. లోపలిది చెమట పీల్చేది, మధ్యలోది వెచ్చనిది, పైన వానా గాలీ ఆపే కోటు. నూలు బట్ట మాత్రం వద్దు. కింద అది చల్లటి తల్లి, పైన సవతి తల్లి. తడిస్తే ఆరదు, ఒంట్లో ఉన్న వేడంతా తాగేస్తుంది."

అక్కడితో ఆగలేదు. చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, మంచు మీద ఎండ కళ్ళు పొడవకుండా నల్ల అద్దాలు (ఇక్కడ నేను కాస్త నిటారుగా కూర్చున్నాను), నుదుటికి కట్టుకునే దీపం, దారి తప్పితే ఊదడానికి ఈల, తలకు హెల్మెట్, తాడు కట్టడానికి నడుం పట్టీ, బూట్ల కింద బిగించే ఇనప ముళ్ళు, మంచు గొడ్డలి. చెబుతూ ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. అన్నీ క్లబ్బు బీరువాలోవి. గీతలు పడి, వెలిసిపోయి, కుట్లేసి, ఏదో యుద్ధంలో ఓడిపోయి వచ్చిన సామానులా ఉన్నాయి.

"కొనుక్కోగలిగిన వాళ్ళు కొనుక్కోండి. లేనివాళ్ళు ఈ బీరువాలోంచి తీసుకోండి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొండ మీదికి ఒక్క వస్తువు కూడా కొత్తది రాకూడదు!"

"మేడమ్, కొంటే కొత్తదే కదా వచ్చేది?" అన్నాడు నగల షాపాయన.

"కొనండి. కొని పాత చెయ్యండి. మీవల్ల కాకపోతే నేను చేస్తాను."

ఆ చివరి మాటకు అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు తెలుసు.

తెలిసి కూడా కోటు కొన్నాను చూడండి, అదీ నా కర్మ. నారింజ రంగు కోటు. పొద్దున్నే సూర్యుడు దాన్ని చూసి బట్టలు మార్చుకోవాలి, అలాంటి రంగు. ఎన్ని జేబులో! జేబులో ఇంకో జేబు, దానికో చిన్న గొలుసు. అద్దం ముందు నిలబడి టోపీ పెట్టుకుంటే నేనే కొండెక్కి దిగొచ్చిన వాడిలా ఉన్నాను. ఇంక ఎక్కడమెందుకని కూడా అనిపించింది.

సామాను పరీక్ష అని ఒక ఆదివారం వదిన మమ్మల్ని తన పెరట్లోకి రమ్మంది. అన్నీ తొడుక్కుని, తగిలించుకుని వరసగా నిలబడమంది. నగల షాపాయన తలనుంచి కాళ్ళదాకా పసుపుపచ్చ. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒకే రకం ఎర్రకోట్లు. నా సంగతి చెప్పాను కదా. ఆ పెరట్లో మేం నలుగురం నిలబడితే పళ్ళ దుకాణంలా ఉంది. ఒకళ్ళ కోటు ఒకళ్ళు పట్టి చూసుకుంటున్నాం. ఏ షాపులో, ఏ రకం, లోపల అస్తరు ఏమిటి, ఇవే మాటలు.

రొట్టెలక్క కాస్త ఆలస్యంగా వచ్చి గేటు దగ్గరే నిలబడింది. క్లబ్బు బీరువాలో కోటు. ఒకప్పుడు ఏ రంగో దాని కన్నతల్లికి కూడా తెలియదు. మోచేతి దగ్గర వేరే గుడ్డతో మాసిక. బూట్లు కాస్త పెద్దవి. "బట్టీలో రొట్టెలు పెట్టి వచ్చానండీ... మళ్ళీ వస్తాను," అని ఎవరితోనో అన్నట్టు గొణిగింది. నేను పట్టించుకోలేదు. నగల షాపాయన నా జేబు గొలుసును మెచ్చుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడు నా మీద బకెట్ నీళ్ళు పడ్డాయి.

చెప్పాపెట్టకుండా! వెనకనుంచి! చన్నీళ్ళు!

"వదినా!!" అని నేను పెట్టిన కేక పక్కవీధిలో కుక్కలు కూడా విన్నాయి.

"కొండ మీద వాన కూడా చెప్పి రాదు," అంటూ ఆవిడ రెండో బకెట్ నగల షాపాయన మీద కుమ్మరించింది. ఆయన నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. మాటకు బదులు ఆయన కోటు చేతుల్లోంచి నీళ్ళు వచ్చాయి. భుజం కుట్టు దగ్గర లోపలికి దూరి, అటునుంచి పంపు తిప్పినట్టు ధారగా కారాయి.

"చూశారా? ఇదే అక్కడ మంచులో కారి ఉంటే?" అంది వదిన.

నగల షాపాయన కోపం ఆవిడ మీదనుంచి కోటు అమ్మిన షాపు మీదికి బదిలీ అయింది. "వాడు నాకు కొండంత నమ్మకం అని చెప్పి అమ్మాడు మేడమ్! వాడి షాపు ముందు కూర్చుంటాను!"

"నాది కారలేదు!" అన్నాను నేను. "ఒక్క చుక్క దిగలేదు. చూడు, లోపల పొడిగా ఉంది. పరీక్ష పాసయింది. ఇంక దీన్ని వదిలెయ్."

వదిన నా చెయ్యి ఎత్తి లోపల తడిమి చూసింది. "నిజమే. మంచి కోటు," అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. "అయితే ఇప్పుడు బురద చూద్దాం."

"బురద దేనికి?"

"కొండ మీద బురద ఉండదూ?"

"ఉంటే అక్కడ అంటుకుంటుంది కదా! ఇక్కడినుంచే మోసుకెళ్ళాలా?"

ఆవిడ నాతో వాదన పెట్టుకోలేదు. కోట్లన్నీ విప్పించింది. వాటిని ఇటుకల సంచులకు తొడిగి, తాళ్ళు కట్టి, బకెట్ నీళ్ళతో తయారైన బురదలో పెరడంతా మా చేతే ఈడ్పించింది. బూట్లను నీళ్ళ తొట్టిలో ముంచి, తడివే తొడుక్కుని ఆరేదాకా నడవమంది. పడుకునే సంచులను తొక్కించింది. వీపు సంచులను మెట్ల మీదనుంచి దొర్లించింది. పెళ్ళికూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడవకమ్మా, మొగుణ్ణి కూడా ఇలాగే అలవాటు చేసుకోవాలి," అంది. నా నారింజ కోటు మోచేయి ఇటుక అంచుకు తగులుకుని పర్రున చిరిగింది.

ఆ పర్రు శబ్దం నా గుండెలో వినిపించింది. మీరే చెప్పండి, ఇది న్యాయమా? నేను అక్కడే బురదలో గంతులు వేశాను. "నువ్వు మనిషివా వదినా! నా కష్టార్జితం! దీనికి జేబులో జేబుంది! గొలుసుంది! పోలీసులను పిలుస్తాను! మా అమ్మతో చెబుతాను!" అని అరుస్తూ కాలు జారి వెల్లకిలా పడ్డాను.

గేటు దగ్గర ఎవరో పకపకా నవ్వారు. చూస్తే రొట్టెలక్క. గేటు పట్టుకుని, వంగిపోయి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నవ్వుతూనే లోపలికి వచ్చి నాకు చెయ్యిచ్చి లేపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి పడితే నవ్వుతారా?

పైగా ఇంకో అన్యాయం. ఆవిడ కోటు మీద వదిన ఒక్క చుక్క నీళ్ళు చల్లలేదు! భుజం మీద చెయ్యేసి చూసి, "నీది బాగుంది. వరసలో నిలబడు," అంది.

"ఇదేం పక్షపాతం?" అన్నాను బురద తుడుచుకుంటూ.

"ఆ కోటు ఆరితేరింది. నీది ఇంకా ఆరాలి," అంది వదిన.

ఆ మాటకు వాళ్ళందరూ నవ్వారు. నగల షాపాయనతో సహా! ఇందాకటిదాకా ఒకరి కోటు గురించి ఒకరు గొప్పలు చెప్పుకున్నవాళ్ళు, ఇప్పుడు బురదలో చతికిలబడి ఎవరి చిరుగు పెద్దదో పోల్చుకుంటున్నారు. రొట్టెలక్క మా మోచేతులకు మాసికలు ఎలా వెయ్యాలో చూపించింది. బట్టీకి వెళ్ళాలన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

కొండ రోజు వచ్చింది. మధ్యలో ఒక గుడిసె ఉంది, మొదటి రోజు అక్కడిదాకా ఎక్కాలి. సగం దారిలోనే నగల షాపాయన కుంటడం మొదలుపెట్టాడు. వదిన ఆయన్ని ఒక రాయి మీద కూర్చోబెట్టి బూటు లాగింది. తళతళ. ఆయన తడిపిన బూట్లు ఇంట్లో వదిలేసి, గుట్టుచప్పుడు కాకుండా ఇంకో జత కొనుక్కుని తొడుక్కొచ్చాడు! మడమ మీద బొబ్బ బోండాంలా లేచింది.

"ఏమిటండీ ఇది?" అంది వదిన.

"మొదటివి మరీ... బాగోలేదు మేడమ్. నలుగురిలోకి వస్తున్నాం కదా అని."

"నలుగురూ ఎవరు? ఆ గొర్రెలా?" అని కొండవాలు చూపించింది. అక్కడ నిజంగానే గొర్రెలున్నాయి. తిడుతూనే బొబ్బకు మందు రాసింది, తిడుతూనే పట్టీ వేసింది, తిడుతూనే తన సంచిలోంచి మెత్తటి మేజోళ్ళు తీసి తొడిగింది. ఆస్పత్రిలో కూడా ఇంతేనట. రోగులు ఆవిడ తిట్టకపోతే తమకేదో పెద్ద జబ్బు ఉందని భయపడతారట. అక్కడినుంచి గుడిసె దాకా ఆయన రొట్టెలక్క భుజం పట్టుకుని నడిచాడు. బట్టీలో పిండి బస్తాలు ఎత్తే భుజం కదా, ఆవిడకు లెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే గాలి లేచింది. అది మామూలు గాలి కాదు, గుడిసె తలుపు తీస్తే మనిషిని లోపలికి తోసి మళ్ళీ తలుపు వేసే గాలి. "గాలి పెరక్కముందే పైకెళ్ళి రావాలి. ఆలస్యమైతే ఇటునుంచి ఇటే దిగిపోతాం," అని వదిన కంగారు పెట్టింది. మసక చీకట్లో, మేకులకు వేలాడుతున్న కోట్లు చేతికందినవి తొడుక్కుని, తాడు కట్టుకుని బయలుదేరాం. మంచు ముఖం మీద ఇసకలా కొట్టింది. నల్ల అద్దాల వెనక కూడా కళ్ళు చికిలించాం. పెళ్ళికొడుకు ఒకసారి జారాడు, తాడు ఆపింది. పెళ్ళికూతురు వాణ్ణి తిట్టిన తీరు చూసి వదినే ముచ్చటపడింది.

"ఏమైనా చెప్పండి," అన్నాడు నగల షాపాయన దారిలో రొప్పుతూ, "ఖరీదైన వస్తువు ఖరీదైనదే. నా కోటు చూడండి, కుట్టు సరిచేయించాక ఎంత వెచ్చగా ఉందో! అసలు గాలి దూరుతోందా?"

శిఖరం మీదికి చేరాక ఆయన చాక్లెట్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. కాగితంలో చుట్టిన ఎండు రొట్టె ముక్క వచ్చింది.

"ఇదేమిటి? నా జేబులో రొట్టె ఎక్కడిది?"

రొట్టెలక్క తన జేబులో చెయ్యి పెట్టింది. చాక్లెట్ వచ్చింది.

ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. రెండు కోట్లూ బురదరంగువే, రెండింటికీ మోచేతి దగ్గర ఒకే చెయ్యి వేసిన మాసికే. ఆయన పొద్దుట్నుంచీ మెచ్చుకుంటున్నది క్లబ్బు బీరువాలో కోటును! ఆయన ముఖం ఎర్రబడింది. మరుక్షణం ఆయనే నవ్వేశాడు, ఆ గాలిలో కూడా వినపడేంతగా.

"మార్చుకుందామా అండీ?" అంది రొట్టెలక్క.

"వద్దమ్మా. ఇదే వెచ్చగా ఉంది. ఆ చాక్లెట్ మాత్రం సగం పెట్టు," అని ఆయన ఎండు రొట్టె కొరికాడు.

రొట్టెలక్క మిగతా సగం చాక్లెట్ చప్పరిస్తూ కిందికి చూసింది. ఊరంతా అగ్గిపెట్టెల్లా ఉంది. "అదిగో మా బట్టీ పొగగొట్టం. పొగ నల్లగా వస్తోంది. మా వాడు పొయ్యి సరిగ్గా వెయ్యలేదు," అని కోప్పడింది. ఆవిడ ముఖంలో వెలుగు చూస్తే, ఆ కొండెక్కింది పొయ్యి తప్పులు పట్టడానికేమో అనిపించింది. క్షేమంగా దిగి వచ్చాం.

నాకు కోపం దిగలేదు. కొండ దిగినా నా మోచేతి మాసిక నాతోనే ఉంది మరి. ఆ వారమే తాడు తిరిగివ్వడానికి వదిన ఇంటికి వెళ్ళాను. ఇవాళ నాలుగు మాటలు అడిగి కడిగెయ్యాలనే వెళ్ళాను. ముందు గదిలో ఎవరూ లేరు. పడకగది తలుపు ఓరగా ఉంది. తోశాను.

వదిన మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో అట్టపెట్టె. చేతిలో ఒక బూటు. కొత్త బూటు! పెట్టెలోంచి అప్పుడే తీసిన, పల్చటి కాగితం కూడా ఇంకా వదలని, నిగనిగలాడే తోలు బూటు. దాన్ని ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, వాసన చూస్తోంది.

"వదినా!"

ఆవిడ బూటును దిండు కింద దాచబోయింది. బూటు దిండు కింద దాగుతుందా?

"తలుపు కొట్టి రావడం నేర్పలేదా మీ అమ్మ?"

"అది కొత్త బూటు!"

"అయితే?"

"నీకు కొత్తంటే గిట్టదు కదా! వాసన చూస్తున్నావు!"

"కొత్త తోలు వాసన ఎవరికి గిట్టదు? నేను మనిషిని కానా?" అంది కోపంగా. మంచం కింద చూశాను. కొత్త చేతి తొడుగుల జత, ముడత పడని కోటు, పట్టుకుంటే జారిపోయే కొత్త తాడు. ఇన్నాళ్ళుగా కొనుక్కుని, దాచుకుని, మురిసిపోయినవి. ఒక్కదాని మీదా గీత లేదు!

నాలుగు మాటలు అనుకుని వచ్చానా, నలభై వచ్చాయి. స్కూటరు దగ్గర మొదలుపెట్టి, దుకాణం తలుపు మీదుగా, నారింజ కోటు దాకా వచ్చాను. ఆవిడ అడ్డం రాలేదు. నేను ఆయాసపడి ఆగాక మంచినీళ్ళు ఇచ్చింది.

"చాలా ఏళ్ళ కిందట ఒక పిల్ల వచ్చింది," అంది. "బీరువాలోంచి కోటు ఇచ్చాను. పెద్దది, చేతులు మడుచుకుంది. సామాను పరీక్ష రోజు మిగిలినవాళ్ళంతా ఇంద్రధనుస్సుల్లా తయారై వచ్చారు. ఒకళ్ళవి ఒకళ్ళు చూసుకోవడమే సరిపోయింది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు, పాపం. అనక్కర్లేదుగా? మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళింది. ఇంక రాలేదు. కోటు ఉతికి, మడిచి, గుమ్మంలో పెట్టిపోయింది. బాగా ఎక్కేది తెలుసా? కాళ్ళలో పట్టుంది."

బూటును పెట్టెలో సర్దింది.

"అందరివీ పాతవైతే, ఎవరిది బీరువాలోదో ఎవరికి తెలుస్తుంది? అందుకని ఆ ఏడు నుంచీ బకెట్ మొదలుపెట్టాను. నీళ్ళకు కాస్త కారణం ఉంది. బురదకు నువ్వన్నట్టు కారణం లేదు. ఏదో ఒకటి చెబుతాను, జనం నమ్ముతారు."

"మరి అన్నయ్య స్కూటరు? ఆయన చొక్కాలు? అవి కూడా కొండెక్కుతాయా?"

"మీ అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. క్లబ్బులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉంటే ఊరంతా చెప్పడూ, మా ఆవిడకు కొత్తవంటే ప్రాణం అని? అందుకే ఇంట్లో కూడా అలాగే ఉండాల్సొచ్చింది. ఆ స్కూటరు గీసిన రోజు నేనెంత బాధపడ్డానో నీకేం తెలుసు?"

"పోనీ నాకు ముందే చెప్పొచ్చుగా? నేను పాత కోటే వేసుకొచ్చేవాణ్ణి! సాయం చేసేవాణ్ణి!"

వదిన నన్ను జాలిగా చూసింది. "నీకు నటన రాదు. నీకు నిజంగా కోపం రావాలి. కోపమొస్తే నీ చెవులు ఎర్రబడి విడిగా కదులుతాయి, తెలుసా? ఆ రోజు రొట్టెలక్క వెనక్కి తిరిగి గేటు గడియ మీద చెయ్యి వేసింది. నేను చూస్తూనే ఉన్నాను. పిలిస్తే ఇంకా సిగ్గుపడుతుంది. నువ్వు మా అమ్మతో చెబుతానంటూ బురదలో పడ్డావు. ఆవిడ నవ్వింది. అంత నవ్విన మనిషి ఇంక వెనక్కి ఎలా వెళుతుంది?"

నేను ఇంటికి వెళ్ళి చాలాసేపు అద్దంలో చెవులు చూసుకున్నాను.

ఈ సంగతి మీకు చెప్పాను, మా అన్నయ్యకు చెప్పకండి.

మళ్ళీ కొండదారి తెరుచుకునే రోజులు వచ్చాయి. ఈసారి నేనే వెళ్ళి మంచి ఆకుపచ్చ కోటు కొన్నాను. టోపీ చుట్టూ మెత్తటి బొచ్చు కూడా ఉంది. పెరట్లో వరస మధ్యలో నిలబడ్డాను. వెనకనుంచి బకెట్ వస్తుందని తెలుసు, అరవడానికి గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను. గేటు దగ్గర ఒక పోస్టుమాన్ బీరువా కోటులో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

బకెట్ రాలేదు. ఎంతకీ రాలేదు. ఏమిటా అని తిరిగి చూద్దును కదా, కత్తెర శబ్దం. నా టోపీ బొచ్చు వదిన చేతిలో ఉంది!

"వదినా! ఇది మనం అనుకున్న దాంట్లో లేదు! ఆ బొచ్చు కోసమే కొన్నాను! కత్తెర ఎవరు తెమ్మన్నారు నిన్ను!"

ఎగిరాను. దూకాను. ఒట్టేసి చెబుతున్నాను, అందులో నటన ఒక్క రవ్వ లేదు. గేటు దగ్గర పోస్టుమాన్ పొట్ట పట్టుకుని నవ్వుతూ, తడబడుతూ లోపలికి వచ్చాడు.

"ఎక్కడ నిలబడమంటారండీ?" అని అడిగాడు.

"ఇక్కడే!" అని కసిరి, పక్కకు జరిగి చోటిచ్చాను.